కొండవీడు కోట ఒక్క రోజులో: ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి?

బ్రాడీపేట_వాసి:

అందరికీ నమస్కారం. మేం గుంటూరులో ఉంటాం. సంక్రాంతి సెలవుల్లో అమ్మానాన్నల్ని, ఇద్దరు పిల్లల్ని (ఒకరు ఎనిమిది, ఒకరు ఐదు చదువుతున్నారు) కొండవీడు తీసుకెళ్దామనుకుంటున్నాం. కారు ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేదు. పెద్దవాడికి చరిత్ర అంటే పిచ్చి. వాడి ప్రశ్నలకి జవాబు చెప్పడం నా వల్ల కావట్లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఏ దారిన వెళ్లాలి, ముందు కొండపైకి వెళ్లాలా, కింద గుడి చూడాలా? గోడలు, బురుజులు చూసేటప్పుడు ఏం గమనించాలి? అంత ఎత్తులో అన్ని వేల మందికి నీళ్లు ఎక్కడివి? రెడ్డిరాజులు అద్దంకి వదిలి ఇక్కడికి ఎందుకు వచ్చారు? కత్తుల బావి కథ నిజమేనా? తెలిసినవాళ్లు వివరంగా చెబితే బాగుంటుంది. కొండవీటి చేంతాడంత జవాబు రాసినా ఓపిగ్గా చదువుతాను.

పల్నాటి_రాళ్లు:

దారి ముందు చెబుతాను. గుంటూరు నుంచి 25 కిలోమీటర్ల పైచిలుకు. రెండు దారులున్నాయి. ఒకటి నరసరావుపేట రోడ్డులో ఫిరంగిపురం దాకా వెళ్లి అక్కణ్ణుంచి దక్షిణానికి తిరగడం. రెండోది చిలకలూరిపేట వైపు హైవే మీద వెళ్లి ఎడ్లపాడు మండలంలోకి కుడివైపు తిరగడం. హైవే దారి బండికి సుఖం. ఫిరంగిపురం దారిలో కొండల వరస చాలాసేపు కనిపిస్తూ ఉంటుంది, పిల్లలకి కోట ఎంత మేర ఉందో ముందే అర్థమవుతుంది. వెళ్లేటప్పుడు ఫిరంగిపురం మీదుగా వెళ్లి, వచ్చేటప్పుడు హైవే ఎక్కండి.

పొద్దున్నే ముందు కొండపైకి వెళ్లండి. కింద గోపీనాథస్వామి గుడిలో నీడ దొరుకుతుంది, దాన్ని ఎండ ముదిరాక చూడొచ్చు. పైన నీడ తక్కువ. జనవరిలో కూడా పదకొండు దాటితే రాళ్లు కాగిపోతాయి. సుమారు 5 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి అమ్మగారికి మెట్ల దారితో పనిలేదు. దిగేటప్పుడు మాత్రం బండిని రెండో గేరులోనో మొదటి గేరులోనో ఉంచండి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే లైనింగులు వేడెక్కి, చివరి మలుపుల దగ్గర బ్రేకు పట్టదు. న్యూట్రల్‌లో దించడం అసలు వద్దు.

ఇప్పుడు కోట సంగతి. ఒక్క శిఖరం మీద కట్టిన కోట అనుకుని వెళ్తే పైకెక్కాక ఎటు చూడాలో తోచదు. ఇది కొండల వరస. సగటున 1050 అడుగుల ఎత్తు, కొన్ని శిఖరాలు ఇంకా ఎత్తు. గోడ శిఖరం నుంచి శిఖరానికి పాకుతూ పోయి, మధ్యలో పల్లాన్ని చుట్టుకుంటుంది. ఆ పల్లంలో చెరువులు, గుళ్లు, ఒక మసీదు, సరుకు నిలవచేసిన కట్టడాలు ఉన్నాయి. అంటే కొండ అంచు కోటగోడ, లోపలి పల్లం పట్నం. ముందు ఎక్కడైనా ఎత్తు మీద నిలబడి గోడ ఏ గీత వెంట పోతోందో చూపుతో పట్టుకోండి. ఆ గీత దొరికిందంటే మిగతా అంతా దానంతటదే అర్థమవుతుంది.

గోడలో మూడు విషయాలు గమనించండి. మొదటిది, కొండ నిటారుగా విరిగిన చోట గోడ సన్నగా ఉంటుంది, ఒక్కోచోట అసలు ఉండదు. శత్రువు ఎక్కగలిగిన వాలు ఉన్నచోటే మందంగా, ఎత్తుగా కడతారు. రాయిని కొట్టి మోసి పేర్చడానికి అయ్యే కూలీ అంతా అక్కడే పెట్టారన్నమాట. రెండోది పొరలు. అడుగున పెద్దరాళ్లు సున్నం లేకుండా పేర్చి, పైన చిన్నరాళ్లో ఇటుకలో సున్నంతో కట్టి కనిపిస్తే, పైపని సాధారణంగా తర్వాతి కాలంలో ఎత్తు పెంచిందో బాగుచేసిందో అయి ఉంటుంది. ఈ కోట రెడ్డిరాజుల నుంచి విజయనగరం, ఒడిశా గజపతులు, గోల్కొండ, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్ల దాకా చాలా చేతులు మారింది. ఏ కోటనైనా గెలిచినవాడు ముందు పగలగొట్టిన గోడే బాగుచేయించుకుంటాడు. మూడోది బురుజు ఆకారం. గుండ్రంగా ఎందుకో పిల్లల్నే ఆలోచించమనండి. పలకగా కడితే మూలకి గుండు తగలగానే రాయి ఊడిపోతుంది. పైగా మూల ముందు నిలబడ్డ శత్రువు పక్క గోడ మీదున్న వాళ్లకి కనపడడు. గుండ్రటి బురుజుకి ఆ రెండు ఇబ్బందులూ తక్కువ. తారా బురుజు, జెట్టి బురుజు, నెమళ్ల బురుజు అని స్థానికులు పేర్లు చెబుతారు, అడిగి చూడండి.

పాత రాకపోకలకి కొలేపల్లి దర్వాజా, నాదెండ్ల దర్వాజా అని రెండు ద్వారాలు. ఏ కొండకోటలోనైనా ద్వారం దగ్గర తలెత్తి చూడటం అలవాటు చేసుకోవాలి. తలుపు తిరగడానికి రాతిలో పైనా కిందా తొలిచిన గుండ్రటి గుంటలుంటాయి. తలుపు వెనక అడ్డదూలం దూర్చే పలక రంధ్రాలు రెండు పక్కల గోడల్లో ఉంటాయి. దూలం పూర్తిగా గోడలోకి జరగాలి కాబట్టి ఒక పక్క రంధ్రం లోతుగా ఉంటుంది, రెండో పక్కదానికి లోతు తక్కువ. ఆ రంధ్రం కొలతని బట్టి దూలం లావు, తలుపు బరువు ఊహించవచ్చు. దారి సూటిగా రాకుండా ద్వారం ముందు మెలిక తిరిగితే అది ఏనుగు పరుగెత్తి వచ్చి తలుపు గుద్దకుండా చేసిన ఏర్పాటు.

చెరువుగట్టు:

నీళ్ల ప్రశ్న అడిగారు కాబట్టి ఆ ఒక్కటే రాస్తాను. నా ఉద్దేశంలో కొండవీడులో అన్నిటికన్నా గొప్ప పని గోడలు కాదు, చెరువులు.

పైన మూడు చెరువులు చెబుతారు: ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. చుట్టూ రాతి వాలు, మధ్యలో పల్లం. వాన పడితే బండరాయి చుక్క కూడా తాగదు, నీరంతా జారి పల్లంలోకి వస్తుంది. పల్లం నోటికి అడ్డంగా కట్ట వేస్తే చెరువు. ఒకటి నిండితే అలుగు పారి కింది దాంట్లోకి నీళ్లు చేరే పద్ధతి. పై చెరువులోనే మట్టి చాలావరకు దిగిపోతుంది కాబట్టి కింది దాంట్లోకి తేటనీరు వస్తుంది. అందుకని పై చెరువు పూడిక ఏటా తీయాలి. తీయకపోతే ముందు పై చెరువు నిల్వ తగ్గుతుంది, తర్వాత మట్టి అలుగు దాటి కింది చెరువులోకీ దిగుతుంది. గొలుసుకట్టు చెరువులు ఎక్కడ చెడినా ఇదే వరసలో చెడతాయి.

ఎన్ని వేల మందికి సరిపోతుంది అన్నారు. మీ పెద్దబ్బాయి చేత లెక్క వేయించండి. ఊహకి ఒక ఎకరం చెరువు, మీటరు లోతు నీళ్లు అనుకోండి. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు, కాబట్టి సుమారు 40 లక్షల లీటర్లు. మనిషికి తాగడానికీ వంటకీ రోజుకి 10 లీటర్ల చొప్పున 5 వేల మందికి 50 వేల లీటర్లు. భాగిస్తే 80 రోజులు వస్తుంది. కానీ ఇక్కడే అందరూ పొరబడేది. మన ఎండల్లో చెరువు మీద నుంచి రోజుకి 7 మిల్లీమీటర్లు ఆవిరైపోతుందనుకుంటే ఎకరానికి 28 వేల లీటర్లు అలాగే పోతాయి. అప్పుడు 80 రోజులు కాస్తా 51 రోజులు. ఇంకా గుర్రాలను లెక్కలోకి తీసుకోలేదు. ఒక్కో గుర్రం ఎండాకాలం రోజుకి 30, 40 లీటర్లు తాగుతుంది. ఏనుగు సంగతి చెప్పక్కర్లేదు.

ఈ లెక్క చేతిలో పెట్టుకుని 1515 ముట్టడి చూడండి. శ్రీకృష్ణదేవరాయల సైన్యం కొండవీటిని రెండు నెలలకి పైగా ముట్టడించింది. కోట పడింది ఆషాఢ శుద్ధంలో. అంటే లోపలివాళ్లకి వైశాఖ జ్యేష్ఠాల ఎండంతా ముట్టడిలోనే గడిచింది. బయటి సైన్యానికి చుట్టూ ఊళ్లున్నాయి, వాగులున్నాయి. లోపలివాళ్లకి కార్తీకంలో నిండిన చెరువులు అడుగంటే కాలం. తొలకరి నాలుగు చినుకులకి బండలు తడుస్తాయి గానీ చెరువు నిండదు, మన వైపు పెద్ద వానలన్నీ ఆ తర్వాతే. ముట్టడికి రాయలు ఎంచుకున్న కాలంలోనే సగం యుద్ధం ఉందని నా నమ్మకం.

ఇంకొక్క మాట. ఈ కొండల నీళ్లే కిందికి దిగి కొండవీటి వాగు అవుతాయి. అది అమరావతి రాజధాని ప్రాంతం గుండా పారి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణకి వరద వచ్చినప్పుడు వాగు నీళ్లు నదిలోకి పోలేక వెనక్కి తన్నేవి, పొలాలు మునిగేవి. అందుకే 2018లో ఉండవల్లి దగ్గర 5 వేల క్యూసెక్కులు ఎత్తిపోసే పంపులు పెట్టారు. కొండ మీద నీటి చుక్క దక్కించుకోవడానికి అంత తిప్పలు, కింద అదే నీళ్లని బయటికి తోడటానికి ఇన్ని పంపులు. పిల్లలకి మ్యాపులో కొండ నుంచి ఉండవల్లి దాకా వాగు దారి చూపించండి.

తామ్రపత్రం:

చరిత్ర క్లుప్తంగా. కాకతీయ రాజ్యం 1323లో కూలాక, ప్రోలయ వేమారెడ్డి 1325 ప్రాంతంలో అద్దంకి రాజధానిగా రాజ్యం నిలబెట్టాడు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించింది ఆయనే. కవి ఎర్రన ఆయన ఆస్థానంలోనివాడు. వేమారెడ్డి కొడుకు అనవోతారెడ్డి (1353 నుంచి 1364) కాలంలో రాజధాని కొండవీటికి మారింది. కారణం కష్టమైనది కాదు. అద్దంకి గుండ్లకమ్మ ఒడ్డున మైదానంలో ఉంది. పడమటి నుంచి రాచకొండ వెలమ ప్రభువులు, ఆ వెనక బహమనీలు. గుర్రపు దళం మైదానంలో దూసుకొస్తే నిలవడం కష్టం. ఇక్కడ కొండలున్నాయి, చుట్టూ పంట భూమి ఉంది, సముద్రం మరీ దూరం కాదు.

సముద్రం సంగతి ఎందుకు చెబుతున్నానంటే, చాలామంది కోట చూసి వస్తారు గానీ దానికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగరు. మోటుపల్లి రేవు ఈ రాజ్యానిదే. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ ఓడ వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించాడు. అదే ఊళ్లో 1358లో అనవోతారెడ్డి మళ్లీ వర్తకులకి రక్షణ, సుంకాల్లో తగ్గింపు ఇస్తూ శాసనం వేయించాడు. కొండవీటి రాజులు జరిపిన వసంతోత్సవాలకి కావలసిన కర్పూరం, కస్తూరి, చందనం ఓడల మీదే దిగేవి. అవచి తిప్పయ్యశెట్టి అనే వర్తకుడు అలాంటి సుగంధ ద్రవ్యాలు తెప్పించి ఇచ్చేవాడు. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే. రాజుకి కాకుండా వర్తకుడికి కావ్యం అంకితమైందంటే ఆ పట్నంలో వర్తకుడి స్థానం ఏమిటో తెలుస్తుంది.

తర్వాత అనవేమారెడ్డి (శ్రీశైలంలో వీరశిరోమండపం 1377లో కట్టించింది ఈయనే), కుమారగిరి, పెదకోమటి వేమారెడ్డి, చివర రాచవేమారెడ్డి. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది పెదకోమటి వేముని దగ్గర. రాచవేముడు పురిటి సుంకం వేశాడనీ, దాని మీద కోపంతో సవరం ఎల్లయ్య అనేవాడు పొడిచి చంపాడనీ జనశ్రుతి. 1424తో రెడ్ల రాజ్యం ముగిసింది. విజయనగరం, ఆ తర్వాత గజపతులు. 1515లో రాయలు గజపతి కొడుకు వీరభద్రుణ్ణి ఇక్కడే పట్టుకున్నాడు. తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి కొండవీటి పాలకుడయ్యాడు. 1579, 80 ప్రాంతంలో గోల్కొండ చేతికి పోయి ముర్తజానగరం అన్న పేరు వచ్చింది. గుంటూరు సర్కారు 1788లో ఇంగ్లీషువాళ్లకి దక్కాక కోటతో పని లేకపోయింది.

కత్తుల బావి గురించి. గోపీనాథస్వామి గుడినే ఆ పేరుతో పిలుస్తారు. డెబ్భై ఇద్దరు సామంతుల్ని దర్శనానికని ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, కత్తులు నాటిన గోతిలో పడేలా చేశారని కథ. చేసినవాడు ఎవరన్నది ఒక్కో కథనంలో ఒక్కోలా ఉంటుంది. ఒకరు రామయమంత్రి భాస్కరుడు అంటారు, ఒకరు రాయల మనుషులు అంటారు. ఈ కథలకి ఆధారం 1800 ప్రాంతంలో కర్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫియత్తులు (ఊళ్ల చరిత్రలు), అలాంటి స్థానిక కవిలెలు (గ్రామ దస్త్రాలు). జరిగిందన్న కాలానికి వందల ఏళ్ల తర్వాత రాసినవి. శాసనం ఏదీ ఈ హత్యల మాట చెప్పదు. పిల్లలకి కథగా చెప్పండి, బాగానే ఉంటుంది. చరిత్ర అని మాత్రం చెప్పకండి.

బ్రాడీపేట_వాసి:

చాలా చాలా థ్యాంక్స్ అండీ. లెక్క మావాడికి చూపించాను, పది నిమిషాల్లో గుర్రాలు కూడా కలిపి మళ్లీ వేశాడు. ఇంకో రెండు అడుగుతాను. 1515లో కోట పడిన రోజు అంత కచ్చితంగా ఎలా తెలుసు? శాసనం మనంతట మనం చదవాలంటే ఏం చేయాలి? ఫోన్లో ఫొటో తీస్తే అక్షరాలు కనపడట్లేదు.

తామ్రపత్రం:

మంగళగిరి శాసనం తేదీ చెబుతుంది. శక సంవత్సరం 1437, ఆషాఢ శుద్ధ హరివాసరం (అంటే ఏకాదశి), శనివారం. దాన్ని తొలి ఏకాదశిగా లెక్కకడితే 1515 జూన్ 23 అవుతుంది. ఆ తేదీ పాత జూలియన్ లెక్క ప్రకారం. మనం ఇప్పుడు వాడే క్యాలెండర్లో పది రోజులు కలిపి జూలై 3 అనుకోవాలి. వారం కూడా శాసనంలో ఉండటం వల్ల సరిచూసుకోవచ్చు. తిథి ఒకటే ఉంటే పక్క సంవత్సరానికి జారిపోయే ప్రమాదం ఉంది, వారం కలిస్తే ఆ అనుమానం చాలావరకు పోతుంది.

శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం. పుష్యం, మాఘం, ఫాల్గుణం నెలలైతే 79 కలపాల్సి రావచ్చు, ఎందుకంటే అప్పటికి జనవరి వచ్చేస్తుంది. కొన్ని శాసనాల్లో అంకెలకి బదులు మాటలుంటాయి. చంద్రుడు 1, నేత్రం 2, రామ లేక అగ్ని 3, వేదం 4, బాణం 5, అద్రి 7, వసువు 8. వీటిని కుడి నుంచి ఎడమకి పేర్చుకోవాలి. ఉదాహరణకి ‘అద్రి, అగ్ని, వేద, ఇందు’ అని ఉంటే 7, 3, 4, 1. తిరగేస్తే 1437. కొత్తవాళ్లు తిరగేయడం మరచిపోయి లేని శతాబ్దాలు తెస్తుంటారు.

ఫొటో సంగతి. ఎదురుగా వెలుగు పడితే అక్షరం లోతు కనపడదు. పొద్దున ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం నాలుగున్నర దాటాక, ఎండ రాతి మీద ఏటవాలుగా పడే వేళ తీయండి. ఆ వేళకి కుదరకపోతే ఒకరు గొడుగుతో రాతికి నీడ పట్టాలి, ఇంకొకరు టార్చిని రాతి అంచుకి ఆనించినట్టు పక్కనుంచి వేయాలి. ఫోన్ ఫ్లాష్ ఆపేయండి. ఎడమ నుంచి వెలుగు వేసి ఒకటి, కుడి నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, మూడు తీయండి. ఒక దాంట్లో మాయమైన గీత ఇంకో దాంట్లో తేలుతుంది. తలకట్టు సన్నటి గీత, పైనుంచి వెలుగు పడినప్పుడే బాగా కనిపిస్తుంది.

సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం, నూనె, పసుపు పూయడం దయచేసి చేయకండి. సుద్దతో దిద్దితే మనం ఊహించుకున్న అక్షరమే అక్కడ మిగులుతుంది, తర్వాత చదివేవాణ్ణి అది తప్పుదారి పట్టిస్తుంది. నూనె దుమ్ము పట్టి అట్ట కడుతుంది. పురావస్తు శాఖలో శాసనాలు చూసేవాళ్లు నకలు తీసే పద్ధతి వేరు. రాతిని మెత్తటి బ్రష్షుతో నీళ్లు పోసి కడుగుతారు, తడి కాగితం అంటిస్తారు, కాగితం అక్షరపు గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో అద్దుతూ కొడతారు, కాస్త ఆరాక సిరా గుడ్డ ఉండతో పైపైన అద్దుతారు. గుంటలో సిరా అంటదు కాబట్టి నల్లటి నేల మీద తెల్లటి అక్షరం వస్తుంది. కాగితం మరీ తడిగా ఉన్నప్పుడు సిరా అద్దితే అలుక్కుపోతుంది, మరీ ఆరితే కాగితం లేచిపోతుంది. అనుమతి లేకుండా మనం చేసే పని కాదిది.

మీకు కొండవీటి చుట్టుపక్కలే చదవదగ్గవి రెండున్నాయి. ఫిరంగిపురం శాసనం 1409 నాటిది. పెదకోమటి వేముని భార్య సూరాంబ తవ్వించిన సంతానసాగరం చెరువు గురించి చెబుతుంది. అమీనాబాదు శాసనం 1415 ప్రాంతంది. ఆ చెరువుకి నీళ్లు తేవడానికి రాచవేముడు తవ్వించిన జగనొబ్బగండ కాలువ గురించి. రెండూ శ్రీనాథుడు రాసినవిగా చెబుతారు. కాశీఖండం రాసిన చేత్తో చెరువు దానపత్రం, కాలువ దానపత్రం. నాకైతే వీటి దగ్గర కొండవీడు ఎక్కువ దొరుకుతుంది. పురిటి సుంకం వేశాడని చెప్పుకునే రాచవేముడే కాలువ తవ్వించినవాడు కూడా అని పెద్దబ్బాయికి తప్పకుండా చెప్పండి.

గానుగసున్నం:

గోడల దగ్గరికి వెళ్తున్నారు కాబట్టి ఒకటి. రాళ్ల సందుల్లో రావి మొక్కలు కనిపిస్తాయి. మంచి చేస్తున్నామని పిల్లలు పీకేస్తారు, పీకనివ్వకండి. రావి వేరు సన్నగా సందులోకి దూరి లోపల లావెక్కుతుంది. పైనుంచి లాగితే దానితోపాటు సున్నం ఊడొస్తుంది, రాయి వదులవుతుంది, వేరు మాత్రం లోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది. సరైన పద్ధతి ఏమిటంటే కాండాన్ని మొదట్లో కోసి, కోసిన చోట వేరు చచ్చే మందు పెట్టాలి. ఎండిపోయాక ఆ ఖాళీని పలచటి సున్నంతో నింపాలి. తెలిసిన మనుషుల చేత, పురావస్తు శాఖ అనుమతితో జరగాల్సిన పని.

సిమెంటుతో అతుకులు వేయడం ఇంకా పెద్ద తప్పు. సున్నం గోడ లోపలికి తేమ పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే తేమ బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది, ఉప్పు లోపలే పేరుకుని సిమెంటు పక్కనున్న రాయి, ఇటుక పొరలుగా రాలిపోతాయి. రెండుమూడు వానాకాలాలు గడిచేసరికి అతుకు చెక్కుచెదరదు, చుట్టూ పాతగోడ పాడవుతుంది. పాత పని చేయాలంటే సున్నాన్ని ముందు వారాల తరబడి నీళ్లలో నాననివ్వాలి. ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్లు ఇసుకో, ఇసుకా ఇటుకపొడీ కలిపో వేసి గానుగలో మెత్తగా తిప్పాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోస్తారు. పూసిన తర్వాత రోజుల తరబడి తడి గోనెలు కప్పాలి. ఎండకి వదిలేస్తే పైన బిగిసి లోపల పొడిగా మిగులుతుంది. మన ఎండల్లో చాలా మరమ్మతులు పాడయ్యేది ఈ ఆఖరి మెట్టు దగ్గరే.

బెజవాడ_వన్‌టౌన్:

విజయవాడ నుంచి చదువుతున్నవాళ్ల కోసం. అంత దూరం వెళ్లలేకపోతే మనకి కొండపల్లి దగ్గర. రెండూ రెడ్డిరాజుల కాలంవే, రెండూ 1515 దండయాత్రలో రాయల చేతికి చిక్కినవే. తేడా ఏమిటంటే కొండపల్లిలో భవనాలు ఎక్కువ నిలిచి ఉన్నాయి. మూడంతస్తుల రాతి బురుజు, గజశాల, 1766లో కోట తీసుకున్నాక ఇంగ్లీషువాళ్లు ఉన్న బ్యారక్కులు చూడొచ్చు. కట్టడం చూడాలంటే కొండపల్లి, కొండల్నే కోటగా ఎలా మలుచుకున్నారో చూడాలంటే కొండవీడు. కొండపల్లిలో దిగాక బొమ్మల కాలనీకి కూడా వెళ్లండి. తెల్లపొణికి కర్రని సన్నమంట సెగకి తేమ పోయేలా ఎండబెట్టి, చేతులూ కాళ్లూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. పచ్చికర్ర వాడితే తర్వాత అతుకు దగ్గర పగులుతుంది.

పల్నాటి_రాళ్లు:

@బ్రాడీపేట_వాసి గారూ, అమ్మగారి మోకాళ్ల సంగతి మిగిలిపోయింది. ఆవిడ బండి దిగి చెరువుల వైపు నిదానంగా నడిస్తే చాలు, అక్కడ కూర్చోవచ్చు. బురుజుల దాకా మీరూ పిల్లలూ వెళ్లిరండి. నాన్నగారికి ఓపికుంటే కర్ర చేతికివ్వండి. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే దాని అవసరం. గోడ అంచున కదిలే రాళ్లుంటాయి, పిల్లల్ని గోడ మీద నడవనివ్వకండి. ఫొటో కోసం అంచుకి వీపు పెట్టి వెనక్కి అడుగులు వేయడం వల్లే ఇలాంటి చోట్ల ప్రమాదాలు జరుగుతాయి. ఎండు గడ్డిలో అడుగు పెట్టే ముందు కర్రతో తట్టండి.

నీళ్లు మనిషికి రెండు లీటర్ల చొప్పున తీసుకెళ్లండి. తిండి ప్లాస్టిక్ కవర్లలో చేతిలో పట్టుకోవద్దు, కోతులు కవరు చప్పుడుకే వస్తాయి. బ్యాగులో పెట్టి జిప్పు వేయండి. చెప్పులు వద్దు, మడమ పట్టే బూట్లు. ప్రవేశం వేళలు కింద గేటు దగ్గరే కనుక్కుని పైకి వెళ్లండి, పొద్దు వాలకముందే దిగిపోవాలి.

నా వరస ఇది. గుంటూరులో ఆరున్నరకి బయల్దేరి, ఎనిమిదిలోపు పైకి. ముందు ఎత్తు మీద నుంచి గోడ గీత, తర్వాత దగ్గర్లోని బురుజు, అక్కణ్ణుంచి చెరువుల దగ్గరికి, ఒక అలుగు ఎటు పారుతుందో చూడటం. పదకొండుకి దిగి గోపీనాథస్వామి గుడి, భోజనం. మధ్యాహ్నం శాసనాల కోసం అమీనాబాదు వైపు వెళ్తే మూలాంకురేశ్వరి అమ్మవారి గుడి కూడా చూడొచ్చు. ఏటవాలు వెలుగు నాలుగున్నరకి వస్తుంది కాబట్టి ఆ వేళకి అక్కడుండేలా చూసుకోండి. సంక్రాంతి మూడు రోజులూ ఘాట్ మీద బండ్ల రద్దీ ఉంటుంది, కనుమ తర్వాత వెళ్తే నయం.

బస్సులో వచ్చేవాళ్లు గుంటూరు బస్టాండులో నరసరావుపేట బస్సెక్కి ఫిరంగిపురంలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. ఫిరంగిపురానికి రైలు స్టేషను కూడా ఉంది. ఆటోని పైదాకా మాట్లాడుకుంటే తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే ఖాయం చేసుకోండి, పైన మళ్లీ ఆటో దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.